ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గూర్చి, స్కాలర్‌షిప్పుల గూర్చి చెప్పవలసినవారు ఇంతకు ముందే చక్కగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం, "మాస్టర్ సాబ్, మీరు ఈసారి నేరం, చట్టం గూర్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వకీలును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే, మన సొసైటీ ఆఫీసు మెట్లెక్కేవారిలో ఫీజులకు, పుస్తకాలకు, మందులకు వచ్చేవారు కొందరైతే, "మా వాణ్ణి స్టేషనుకు తీసుకుపోయారు, ఏం చేయాలి?" అని వచ్చే తల్లులు మరికొందరు. ఆ తల్లి మెట్లు దిగి ఇల్లు చేరేలోపలే మొహల్లాలో తీర్పు వచ్చేసి ఉంటుంది. అది కోర్టు చెప్పిన తీర్పు కాదు, మనం చెప్పిన తీర్పు. ఆ తీర్పు చెప్పేముందు మనకు తెలిసి ఉండవలసిన సంగతులే ఈ రోజు నా పాఠం.

మొదట మాటల సంగతి. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. అదే మాట తెలుగు కచేరీలలోకి వచ్చి 'ముద్దాయి' అయ్యేసరికి అర్థం తలకిందులైంది. నేరం మోపబడినవాడు ముద్దాయి అయ్యాడు. మా పిల్లలు తెలుగు పత్రికలో ఈ మాట చదివి తికమకపడుతుంటారు. మాట తారుమారైతే పెద్ద నష్టం లేదు, మనిషి తారుమారైతేనే నష్టం. ఉర్దూలో ఇంకో రెండు మాటలున్నాయి: ముల్జిమ్, ముజ్రిమ్. ముల్జిమ్ అంటే ఇల్జామ్ మోపబడినవాడు, తెలుగులో నిందితుడు. ముజ్రిమ్ అంటే జుర్మ్ రుజువైనవాడు, నేరస్థుడు. వినడానికి దగ్గరగా ఉన్నా ఈ రెండు మాటల నడుమ ఒక కోర్టు ఉంది. మనం రోజువారీ మాటల్లో ఆ కోర్టును దాటేసి, ముల్జిమ్‌ను ముజ్రిమ్ అనేస్తున్నాం.

సరే, జుర్మ్ అనగా ఏమిటి? ఒక పని నేరం కావాలంటే ఏమేమి ఉండాలి? లెక్కల పాఠంలాగా ఒక్కొక్కటే చూద్దాం.

మొట్టమొదట, చట్టం ఉండాలి. గునాహ్ అంతా జుర్మ్ కాదు, తప్పులన్నీ నేరాలు కావు. అబద్ధం ఆడటం పాపమే, కాని ఆడిన ప్రతి అబద్ధానికీ పోలీసులు రారు. అప్పు తీసుకుని ఇవ్వలేకపోవడం దానంతట అది నేరం కాదు, సివిల్ కోర్టులో తేలవలసిన వ్యవహారం. కాని ఆ బాకీ కింద ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగి వచ్చి, నోటీసు అందిన 15 రోజులలోగా కూడా సొమ్ము చెల్లించకపోతే, అది చెక్కుల చట్టం 138వ సెక్షను కింద నేరమవుతుంది. బాకీ ఒకటే. చట్టం గీసిన గీత ఎక్కడుందో అదే తేడా.

ఇంకొక సంగతి. పని జరిగిన రోజున చట్టం ఉండాలి. నిన్న చేసిన పనికి ఈ రోజు చట్టం చేసి శిక్ష వేయకూడదని మన రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒకేసారి మూడుమార్లు తలాక్ చెప్పడం చెల్లదని సుప్రీంకోర్టు 22 ఆగస్టు 2017న తీర్పు చెప్పింది. చెల్లదంది గాని, నేరం అనలేదు. నేరంగా చేసినది ఆ తరువాత వచ్చిన ఆర్డినెన్సు, దాని వెనుక 2019లో వచ్చిన చట్టం. ఆ చట్టం 19 సెప్టెంబరు 2018 నుండి అమలులోకి వచ్చినట్లుగా రాసుకున్నారు. మూడు సంవత్సరాల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. కావున ఆ తేదీకి ముందు అన్న మాటకు, తరువాత అన్న మాటకు చట్టం దృష్టిలో ఎంతో తేడా. చట్టం మంచిదా చెడ్డదా అని వాదించుకునే హక్కు మనకుంది. చట్టం ఉన్నదన్న సంగతి తెలియలేదనే హక్కు మాత్రం లేదు.

మన పెద్దలు కచేరీ మాటల్లో 'తాజీరాతె హింద్' అనేవారే, అదే 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్. దానిని ఉర్దూలోకి తెచ్చినవారిలో మన డిప్యూటీ నజీర్ అహ్మద్‌గారు కూడా ఒకరు. తరువాత వారు హైదరాబాదు సంస్థానంలోనూ కొలువు చేశారు. ఆ పాత చట్టం స్థానంలో 1 జూలై 2024 నుండి 'భారతీయ న్యాయ సంహిత' వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి, అంకెలు మారాయి. హత్యకు 302 అనడం అందరికీ అలవాటు, ఇప్పుడది 103. కాని నేరానికి ఉండవలసిన మూల వస్తువులు మారలేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత చట్టమే వర్తిస్తుంది.

రెండవది, పని, అనగా ఫేల్. మనసులో ఎంత చెడ్డ ఆలోచన ఉన్నా, అది మనసులోనే ఉన్నంతకాలం చట్టం దానిని శిక్షించదు. మన దీన్‌లో కూడా చెడు తలంపు వచ్చి దానిని చేయకుండా ఆగిపోయినవాడికి పాపం రాయబడదని పెద్దలు చెబుతారు. ఒక్కోసారి చేయకపోవడం కూడా పనే. రైలు వచ్చే వేళకు గేటు వేయవలసినవాడు వేయకపోతే, పసిబిడ్డకు అన్నం పెట్టవలసిన తండ్రి కావాలని పెట్టకపోతే, అతడు ఏమీ చేయలేదు గదా అని చట్టం ఊరుకోదు. బాధ్యత ఉన్నవాడు చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఫేలే.

ఆలోచన నుండి నేరం దాకా మెట్లున్నాయి: ఆలోచన, సన్నాహం, ప్రయత్నం, నెరవేరడం. మామూలుగా మూడో మెట్టు నుండి శిక్ష మొదలవుతుంది. 1961లో పంజాబు నుండి ఢిల్లీ వైపు 75 బస్తాల వడ్లతో ఒక లారీ పోతున్నది. పర్మిట్ లేకుండా వడ్లు రాష్ట్రం దాటించకూడదని ఆ రోజుల్లో ఉత్తరువు. సరిహద్దుకు ఇంకా సుమారు 14 మైళ్ళుండగా సమాల్ఖా దగ్గర లారీని పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. లారీ ఇంకా సరిహద్దు దాటలేదు, దారిలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగే అవకాశం ఉన్నది, ఇది సన్నాహమే గాని ప్రయత్నం కాదు అని 1968లో కోర్టు వారిని విడిచిపెట్టింది. మనిషి వెనక్కి తిరగడానికి ఉన్న అవకాశాన్ని చట్టం గౌరవిస్తుందన్నమాట. మరి మన మొహల్లా గౌరవిస్తున్నదా? అయితే దోపిడీకి సన్నాహం వంటి కొన్ని పనులకు రెండో మెట్టు మీదనే శిక్ష ఉన్నది. కుర్రవాళ్ళు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

మూడవది, నియ్యత్. ఇది మనకు కొత్త మాట కాదు. నమాజుకు నిలబడేముందు, రోజా పట్టేముందు నియ్యత్ చేసుకుంటాం. ఫిఖ్ చదివినవారికి నియ్యత్ విలువ నేను చెప్పవలసిన పని లేదు. లోకంలోని చట్టం కూడా చాలా నేరాలలో ఇదే అడుగుతుంది: ఏ మనసుతో చేశావు?

మసీదు మెట్ల దగ్గర రోజూ జరిగే సంగతే చూడండి. జుమా రోజున నమాజు ముగించుకుని బయటికి వచ్చాం. వందల జతల చెప్పులు. నావే అనుకుని మీ చెప్పులు వేసుకుని పోయాను. వస్తువు మీది, తీసుకున్నది నేను, మీ అనుమతి లేదు. ఫేల్ పూర్తయింది. కాని ఇది దొంగతనం కాదు, ఎందుకంటే కాజేయాలన్న నియ్యత్ నాకు లేదు. ఇంటికి వెళ్ళి చూసుకుంటే నావి కావని తెలిసింది. మీవి కొత్తవి, నావి పాతవి. 'పోనీలే, అల్లా ఇచ్చాడు' అని ఉంచేసుకున్నాననుకోండి. ఇప్పుడు సంగతి మారిపోయింది. దొంగతనం కాకపోయినా, ఒకరి సొమ్మును దురుద్దేశంతో సొంతం చేసుకున్న నేరం నాకు పడుతుంది. చెప్పులు అవే, మనిషి అతడే. మధ్యలో మారింది నియ్యత్ ఒక్కటే.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. నియ్యత్ వేరు, కారణం వేరు. ధనవంతుడి ఇంట్లో సొమ్ము ఎత్తుకువచ్చి, ఇరుగుపొరుగు బీదలకు పంచానంటే చట్టం మెచ్చుకోదు. పంచడం కారణం, ఎత్తుకురావడం నియ్యత్. దొంగ సొమ్ముతో ఖైరాత్ చేస్తే దీన్ దృష్టిలోనూ అది ఖైరాత్ కాదు గదా! అలాగే, "రేపు తిరిగి ఇచ్చేద్దామనుకున్నా" అన్నా చెల్లదు. ఆఫీసులోని ఒక ఫైలును ఒక్క రోజుకు బయటికి పంపి, మరునాడు తిరిగి పెట్టించిన ఉద్యోగిది కూడా దొంగతనమేనని సుప్రీంకోర్టు 1963 నాటి కేసులో నిలబెట్టింది.

నియ్యత్‌లో మెట్లున్నాయి. ఒక లారీ కింద పడి మనిషి చనిపోయాడనుకుందాం. పగబట్టి కావాలని గుద్దితే హత్య. చనిపోయే అవకాశం ఉన్నదని తెలిసీ జనం మీదికి నడిపితే, సందర్భాన్ని బట్టి హత్య కావచ్చు, అంతకు తక్కువదైన నరహత్య కావచ్చు. ఒళ్ళు మరచి అజాగ్రత్తగా నడిపితే 106వ సెక్షను, అయిదు సంవత్సరాల వరకు జైలు. అన్ని జాగ్రత్తలతో న్యాయంగా నడుపుతుండగా మనిషి హఠాత్తుగా అడ్డం వచ్చి పడితే అది ప్రమాదం, నేరమే కాదు. చనిపోయిన మనిషి ఇంట్లో ఏడుపు మాత్రం నాలుగు విధాలుగానూ ఒకటే. అయినా చట్టం నాలుగింటినీ విడివిడిగా తూస్తుంది. మనం రోడ్డు మీద గుమికూడి డ్రైవరును కొట్టేటప్పుడు ఈ త్రాసు మన చేతిలో ఉండదు.

మనసు పొరబడితే ఎలా? 1958లో ఒరిస్సాలోని బాలాసోర్ జిల్లాలో జరిగిన ఉదంతం. పాడుబడ్డ విమానాశ్రయం దగ్గర దయ్యాలు తిరుగుతాయని ప్రతీతి. రాత్రివేళ అక్కడ దీపం వెలుగు, కదులుతున్న నీడలు చూసి, ఒక నేపాలీ పనివాడు దయ్యాలే అనుకుని ఖుక్రీతో నరికాడు. తీరా చూస్తే వారు ఇప్పపువ్వు ఏరుకుంటున్న బీద స్త్రీలు. ఒకామె చనిపోయింది. అతడు నిజంగానే దయ్యమని నమ్మాడు, మనిషిని చంపాలన్న తలంపు అతనికి లేదని తేల్చి హైకోర్టు అతన్ని నిర్దోషి అన్నది. సంగతి తెలియక పొరబడితే చట్టం మన్నించవచ్చు. చట్టమే తెలియదంటే మన్నించదు.

అంతేకాదు, కొన్ని చట్టాలు నియ్యత్ జోలికే పోవు. గల్ఫుకు పోయివచ్చే కుటుంబాలు ఇది శ్రద్ధగా వినాలి. 1962 నవంబరులో ఒక జర్మనీవాడు 34 కిలోల బంగారం ఒంటి మీది కోటులో దాచుకుని మనీలాకు పోతున్నాడు. విమానం బొంబాయిలో ఆగింది, అతను దిగను కూడా లేదు. మన దేశం మీదుగా తీసుకుపోయే బంగారానికి సరుకు జాబితాలో లెక్క చూపాలన్న కొత్త నిబంధన అచ్చయి నాలుగే రోజులైంది. నాకు తెలియదు అన్నాడు. దేశ ఆర్థిక రక్షణకు చేసిన ఇటువంటి చట్టానికి తెలియకపోవడం అడ్డు కాదని సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు అతన్ని దోషి అన్నారు. మన తెలుగువారు, తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు మాత్రం, నియ్యత్ లేనిదే నేరం లేదని విడిగా తీర్పు రాశారు. కాని నెగ్గింది ఇద్దరి మాట. కావున విమానాశ్రయంలో ఎవరో 'భాయ్, ఈ ప్యాకెట్టు మా ఇంట్లో ఇవ్వు' అంటే, లోపల ఏముందో చూడకుండా తీసుకోకండి. మొహమాటానికి పోతే జైలుకు పోవలసి వస్తుంది.

నాలుగవది, పని, నియ్యత్ కలిసి రావాలి, జరిగిన నష్టం వాటి నుండే పుట్టాలి. దీనికి తెలుగువారి నడుమ జరిగిన కేసే ఒకటి ఉంది, 1912లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. ఒకడు మరొకని పేరు మీద, అతనికి తెలియకుండా, పెద్ద మొత్తాలకు బీమా చేయించాడు. ఆ సొమ్ము కోసం అతన్ని తన బంధువు ఇంటికి పిలిపించి విషం కలిపిన హల్వా ఇచ్చాడు. అతను కొంచెం తిని మిగతాది పారేశాడు. ఆ ఇంటి పాప, ఎనిమిదీ తొమ్మిదేళ్ళది, దానిని తీసుకుని తిని చనిపోయింది. హల్వా తిన్న పెద్దమనిషి బతికి బయటపడ్డాడు. పాపను చంపాలని ఇతడు కలలో కూడా అనుకోలేదు. మరి పాప విషయంలో హత్య అవుతుందా? ఇద్దరు న్యాయమూర్తులకు అభిప్రాయం కుదరలేదు. మూడవవారు జస్టిస్ అబ్దుర్ రహీం, ఇస్లామీ న్యాయశాస్త్రం మీద ప్రసిద్ధ గ్రంథం రాసినవారు, హత్యే అన్నారు. ఒకరి కోసం తీసిన కత్తి వేరొకరికి తగిలినా చేతికి అంటిన నెత్తురు ఒకటే. ఈ సూత్రం ఇప్పటి సంహితలో 102వ సెక్షనుగా ఉంది.

నలుగురు కలిసి ఒకే తలంపుతో చేస్తే నలుగురిదీ నేరమే. "కొట్టింది వాడు, నేను బండి మాత్రమే నడిపాను" అంటే కుదరదు. అయితే అక్కడ కూడా ఆ తలంపు నీదీ అని రుజువు కావాలి. దారిన పోతూ నిలబడి చూసినవాడు, కలిసి వచ్చినవాడు ఒకటి కారు.

మినహాయింపులు రెండు మాటల్లో చెబుతాను. ఏడేళ్ళ లోపు పిల్లవాడు చేసినది ఏదీ నేరం కాదు. ఏడు నుండి పన్నెండు లోపు అయితే, చేసినదాని మంచిచెడ్డలు తెలిసే ఎదుగుదల ఉందా అని చూస్తారు. పద్దెనిమిది లోపు వారికి వేరే బోర్డు ఉంది. మతి స్థిమితం లేనివాడికి, ప్రాణరక్షణకు మేరమీరకుండా చేయి ఎత్తినవాడికి మినహాయింపు ఉంది. తనంతట తాను తాగి, మత్తులో చేశానంటే మాత్రం లేదు.

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది సుబూత్, రుజువు. ఇంతసేపు చెప్పినవన్నీ ఉన్నాయని చూపవలసిన భారం నేరం మోపినవారిది. నేను చేయలేదని ముల్జిమ్ నిరూపించుకోనక్కరలేదు. మినహాయింపు కోరినప్పుడే దానిని చూపించే బాధ్యత అతనిది. పోలీసు అధికారి ఎదుట ఒప్పుకున్న మాట కోర్టులో అతనిపై రుజువు కాదు. కస్టడీలో అతను చెప్పిన దానివలన ఏదైనా వస్తువు దొరికితే, అంతవరకే చెల్లుతుంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. డబ్బు లేదని వకీలు లేకుండా ఉండనక్కరలేదు. 1987 నాటి చట్టం కింద కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉన్నది. జిల్లా కోర్టు ఆవరణలోనే దాని ఆఫీసు ఉంటుంది. ఫోను నంబరు 15100. ఈ నంబరు మన ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలని మనవి.

ఇదంతా ఎందుకు చెప్పానో ఇప్పుడు చెబుతాను. ఊరు, పేరు అక్కరలేదు. ఇంటర్ చదివే ఒక కుర్రవాడు బజారులో పాత సెల్‌ఫోను కొన్నాడు. ధర అటువంటి ఫోన్లకు ఉండే ధరే, బిల్లు మాత్రం తీసుకోలేదు. అది దొంగ వస్తువని పోలీసులు వచ్చారు. దొంగసొమ్ము ఉంచుకున్న నేరానికి, అది దొంగసొమ్మని తెలిసి ఉండాలి, లేదా అలా నమ్మడానికి తగిన కారణమైనా ఉండాలి. వస్తువు చేతిలో ఉంటే చాలదు. ఈ ముక్క కోర్టుకు తెలుసు, కేసు కొట్టేసింది. కాని దానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఆ అబ్బాయి చదువు మానేశాడు. అక్క నిస్బత్ తప్పిపోయింది. పెళ్ళివారు తప్పుకున్నది పోలీసుల మాట విని కాదు, 'చోర్ ఖాందాన్' అని మనవాళ్ళు అన్న మాట విని. కోర్టు విడిచిపెట్టిన రోజున ఆ తండ్రికి ముబారక్ చెప్పడానికి ఎంతమంది వెళ్ళారు?

ఇది ఒక ఇంటి సంగతి. 18 మే 2007న మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత హైదరాబాదులో పట్టుబడి, చివరకు కోర్టులలో నిర్దోషులుగా బయటికి వచ్చిన యువకుల సంగతి మీరెరుగుదురు. వారికి కోర్టు కాగితం దొరికింది. కొలువులు, అద్దె ఇళ్ళు, సంబంధాలు అంత తేలికగా దొరకలేదు. పైవారు మనకు న్యాయం చేయలేదని అడిగే హక్కు మనకుంది. అయితే మన గల్లీలో మనం ఒకరికొకరం న్యాయం చేస్తున్నామా అని కూడా అడుగుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మనవాడు గదా అని తప్పును కప్పిపుచ్చడం న్యాయం కాదు. చెడ్డ పని ఉండి, చెడ్డ నియ్యత్ ఉండి, రుజువు కూడా ఉంటే, అతడు ఏ ఇంటివాడైనా ముజ్రిమే. నష్టపోయినవాడు కూడా ఎవరో ఒకరి బిడ్డే. సాక్ష్యం తెలిసినవాడు నోరు మూసుకుంటే, రేపు నిర్దోషి కోసం అతను నోరు తెరచినా ఎవరూ నమ్మరు.

అందుచేత నా విన్నపాలు మూడు. ఒకటి, పాత వస్తువు కొంటే బిల్లు, అమ్మినవాడి గుర్తింపు కాగితం నకలు తీసుకోండి. ఈ మాట ఇంట్లో కుర్రవాళ్ళకు చెప్పండి. రెండు, సొసైటీ తరఫున నెలకొక ఆదివారం ఒక వకీలుసాబును పిలిపించి, వచ్చినవారి కాగితాలు చూపించే ఏర్పాటు చేయాలి. మూడు, ఎవరి మీదనైనా కేసు అని విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏ చట్టం? ఏం చేశాడు? ఏ నియ్యత్‌తో చేశాడు? రుజువైందా? నాలుగింటికీ జవాబు వచ్చేదాకా అతడు ముల్జిమ్ మాత్రమే. అతని ఇంటికి వెళ్ళండి. అతని చెల్లెలిని బడికి రానివ్వండి. అతని తండ్రి పక్కన సఫ్‌లో నిలబడండి.

అల్లా మనకు న్యాయంగా మాట్లాడే నాలుకను, తొందరపడని మనసును ప్రసాదించుగాక.